అక్వేరియం నీళ్లు వాటంతటవే మారాలంటే: డ్రిప్పా, డ్రమ్మా, డోసింగ్ పంపా?

వారం వారం బకెట్లు మోయలేక నీళ్ల మార్పిడిని ఆటోమేటిక్ చేద్దామనుకున్నవాళ్లు ముందు టైమర్లు, సెన్సార్లు, ఫోన్ యాప్‌ల వెంట పడతారు. వాటికంటే ముందు తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ ఏర్పాటు పాడైతే, మహా అయితే ఎన్ని లీటర్లు నేల మీదికి వస్తాయి? ఎన్ని లీటర్లు ట్యాంకులోంచి పోతాయి? శుద్ధి చేయని నీళ్లు ఎన్ని లీటర్లు చేపల మీద పడతాయి? ఈ మూడు అంకెలు చిన్నవిగా ఉండే పద్ధతే మంచి పద్ధతి. ఆ హద్దు సర్క్యూట్ బోర్డులో కాకుండా పైపుల ఎత్తులోనూ డ్రమ్ము సైజులోనూ ఉండాలి. సెన్సారుకి పాచి పడుతుంది, టైమరు టైము తప్పుతుంది. 40 లీటర్ల డ్రమ్ములోంచి 41వ లీటరు మాత్రం ఎప్పటికీ రాదు.

కింద ఉదాహరణలన్నింటికీ 30 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు ఉన్న ట్యాంకునే లెక్కకి తీసుకున్నాం. ఇసుక, రాళ్లు పోను అందులో దగ్గర దగ్గర 100 లీటర్ల నీళ్లు పడతాయి. మీ ట్యాంకు పెద్దదైతే అదే నిష్పత్తిలో పెంచుకోండి.

## ముందు మీ ఇంటి నీళ్ల సంగతి

చేత్తో మార్చేటప్పుడు నీళ్లు వేడిగా ఉంటే చేతికి తెలుస్తుంది, క్లోరిన్ ఘాటు ముక్కుకి తెలుస్తుంది. మోటారుకి చెయ్యీ లేదు, ముక్కూ లేదు. అందుకే పద్ధతి ఎంచుకునే ముందు నీళ్లని పరీక్షించుకోవాలి.

విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఒకే ఇంటికి రెండు రకాల నీళ్లు ఉండటం మామూలే. మున్సిపల్ కుళాయిలో వచ్చేది శుద్ధి చేసిన కృష్ణా నీరు. ఉప్పదనం తక్కువ, క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ చాలాచోట్ల, అందులోనూ గుంటూరులో, గీజర్‌కీ షవర్‌కీ తెల్లగా సున్నం కట్టేంత హార్డ్‌నెస్ ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో ఈ రెండూ ఒకే సంపులో కలుస్తాయి, ఏ రోజు ఏ పాళ్లలో కలిశాయో వాచ్‌మన్‌కి కూడా తెలియదు.

ఒక టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలని పీపీఎంలో, అంటే లీటరుకి మిల్లీగ్రాముల్లో చూపేది) కొని వారం రోజుల పాటు పొద్దున, సాయంత్రం అదే కుళాయి నీళ్లు కొలిచి రాసుకోండి. అంకె రోజూ అటూ ఇటూగా ఒకేలా ఉంటే మీకు అన్ని పద్ధతులూ పనికొస్తాయి. ఒక రోజు 250, మర్నాడు 800 చూపిస్తే లైనులోంచి నేరుగా ట్యాంకులోకి నీళ్లు పంపే పద్ధతులన్నీ పక్కన పెట్టేయాల్సిందే. సాఫ్ట్‌నర్ బిగించిన అపార్ట్‌మెంటైతే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసేసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది, టీడీఎస్ ఏమీ తగ్గదు. ఆ నీళ్లు మెత్తగా అనిపించినా టెట్రాలు, డిస్కస్ కోరుకునే నీళ్లు అవి కావు.

క్లోరిన్ విషయానికొస్తే, కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. మనుషులకి మేలు చేసే ఆ మోతాదే చేపల మొప్పలకి ఎక్కువ. వానాకాలంలో నది బురదగా పారే రోజుల్లో కుళాయి నీళ్లకి బ్లీచింగ్ వాసన పెరగడం మీరూ గమనించే ఉంటారు. క్లోరిన్ ఉందో లేదో చూడ్డానికి ఓటీవో చుక్కల మందు చాలు, నీళ్లు పసుపు రంగుకి తిరిగితే ఉన్నట్టు. విరుగుడు సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు. మనది రొయ్యల చెరువుల ప్రాంతం కాబట్టి ఆక్వా మందుల షాపుల్లో అడగండి. 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి సీసాలో పోసుకుంటే, ప్రతి 10 లీటర్ల కొత్త నీటికి 1 మిల్లీలీటరు వేయాలి. లీటరుకి 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్నా ఇది విరిచేస్తుంది.

ఇక వేడి. రోహిణి కార్తెలో మేడ మీది నల్ల ట్యాంకులోంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. లైనులోంచి నేరుగా నీళ్లు తీసుకునే పద్ధతైతే టైమరుని తెల్లవారుజామున 5 గంటల ప్రాంతానికి పెట్టండి. కొత్త నీళ్లు కలిశాక ట్యాంకు ఉష్ణోగ్రత 2 డిగ్రీలకి మించి మారకూడదు.

ఏళ్ల తరబడి నీళ్లు సరిగ్గా మార్చని పాత ట్యాంకుకి ఆటోమేటిక్ ఏర్పాటు పెట్టేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. అలాంటి ట్యాంకులో పీహెచ్ బాగా పడిపోయి ఉంటుంది, అమ్మోనియా అంతా హాని తక్కువైన అమ్మోనియం రూపంలో ఉంటుంది. దాంట్లోకి ఒక్కసారిగా క్షారగుణం ఉన్న బోరు నీళ్లు దండిగా పోస్తే పీహెచ్ పెరిగి ఆ అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. చేపలు గంటల్లో పోతాయి. కాబట్టి ముందు చేత్తో రోజుకి 5 లీటర్ల చొప్పున రెండు వారాలు మార్చి, ట్యాంకు పీహెచ్ కుళాయి నీళ్ల పీహెచ్‌కి దగ్గరయ్యాకే యంత్రానికి అప్పగించండి.

## రోజుకి ఎన్ని లీటర్లు మారాలి

వారానికి ఒకసారి 25 లీటర్లు మార్చడానికీ, రోజూ 4 లీటర్లు మార్చడానికీ ఫలితంలో తేడా లేదు. రోజుకి 4 శాతం చొప్పున ఏడు రోజులు మారితే పాత నీళ్లలో 75 శాతం మిగులుతుంది, అంటే పావు వంతు మారినట్టే. వారానికి ఖర్చు 25 బదులు 28 లీటర్లు. ఆ 3 లీటర్ల అదనానికి బదులుగా చేపలకి నీళ్లలో హఠాత్తు మార్పు తప్పుతుంది.

ఎంత మార్చాలో మీ ట్యాంకులో నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో పేరుకునేది) పెరిగే వేగం చెబుతుంది. వారంలో 20 పీపీఎం పెరిగే ట్యాంకులో వారానికి 25 శాతం మారుస్తూ పోతే, మార్చే ముందు 80, మార్చాక 60 దగ్గర నిలకడ పడుతుంది. 50 శాతం మారిస్తే 40, 20 దగ్గర ఆగుతుంది. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ లాంటి తిండిపోతు చేపలకి పావు వంతు చాలకపోవడానికి కారణం ఇదే. కుళాయి నీళ్లలోనూ నైట్రేట్ ఉందేమో చూడండి. బోరు నీళ్లలోనే 30 ఉంటే ఎంత మార్చినా ట్యాంకు అంతకంటే కిందికి రాదు.

ఆవిరైన నీటిని నింపే ఆటో టాప్‌అప్ నీళ్ల మార్పిడి కాదు. నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు, నైట్రేట్ ఉండిపోతాయి. బోరు నీళ్లతో టాప్‌అప్ మాత్రమే చేస్తూ పోతే టీడీఎస్ నెల నెలా ఎక్కుతుంది. ఓవర్‌ఫ్లో పద్ధతుల్లోనూ (కొత్త నీళ్లు పోస్తే అదనపు నీళ్లు పైనున్న రంధ్రంలోంచి పోయేవి) ఈ మెలిక ఉంది. రోజూ 5 లీటర్లు పోస్తున్నా, ఎండాకాలంలో ఫ్యాను కింద 2 లీటర్లు ఆవిరైతే బయటికి పోయేది 3 లీటర్లే. వేసవిలో ఆ మేరకు మోతాదు పెంచుకోవాలి.

## ఒక్క చూపులో

| పద్ధతి | పాడైతే మహా అయితే | మధ్యలో కరెంటు పోతే | ట్యాంకుకి రంధ్రం | ఖర్చు |
|---|---|---|---|---|
| లైను డ్రిప్ + ఓవర్‌ఫ్లో | హద్దు లేదు, లైను ఆగేదాకా వస్తూనే ఉంటుంది | వాల్వ్ మూసుకుంటుంది, నష్టం లేదు | కావాలి | మధ్యస్థం |
| డ్రమ్ము + చిన్న పంపు + ఓవర్‌ఫ్లో | డ్రమ్ములో ఉన్నంతే | ఆ రోజు మార్పు తగ్గుతుంది, అంతే | కావాలి | మధ్యస్థం |
| రెండు పంపులు (తోడేది, నింపేది) | తోడేది పైపు ఎత్తు దాకా, నింపేది డ్రమ్ములో ఉన్నంత | లెక్క తప్పే అవకాశం ఉంది | అక్కర్లేదు | కొంచెం ఎక్కువ |
| జంట డోసింగ్ పంపు | చాలా తక్కువ, నెమ్మదిగా | ఆగి మళ్లీ మొదలవుతుంది | అక్కర్లేదు | ఎక్కువ |
| పొడవాటి పైపుతో చేత్తో | మీరు ఎదురుగానే ఉంటారు | సంబంధం లేదు | అక్కర్లేదు | అతి తక్కువ |

## లైను డ్రిప్ + ఓవర్‌ఫ్లో

ఇంటి నీళ్ల లైనులోంచి ఆర్వో మెషీన్‌కి వాడే పావు అంగుళం పైపు తీసి, నలకలు పట్టే స్పన్ ఫిల్టరు, క్లోరిన్ పట్టే కార్బన్ ఫిల్టరు దాటించి, చివర డ్రిప్పర్ పెట్టడం. ట్యాంకు పైఅంచు దగ్గర చేసిన రంధ్రంలోంచి అదనపు నీళ్లు బయటికి పోతాయి. మిర్చి చేలకి డ్రిప్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా గంటకి 2 లీటర్లు, 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు దొరుకుతాయి.

చిన్న వాల్వ్‌ని సగం తిప్పి చుక్కలు రాబట్టే ఏర్పాటు వద్దు. నలకలు చేరి రోజురోజుకీ తగ్గిపోతుంది, ఎవరి చెయ్యైనా తగిలితే ధారగా మారుతుంది. డ్రిప్పరే నయం. కానీ ప్రెషర్ కాంపెన్సేటింగ్ (ఒత్తిడి మారినా ఒకే వేగంతో నీళ్లిచ్చే) డ్రిప్పర్ మీద రాసిన అంకె రావాలంటే 0.5 నుంచి 1 బార్ ఒత్తిడి ఉండాలి. ఒక మీటరు ఎత్తుకి 0.1 బార్ చొప్పున, మేడ మీది ట్యాంకుకి ఒకే అంతస్తు కింద ఉన్న ఫ్లాట్‌లో వచ్చేది 0.3 బార్ లోపే. ఐదంతస్తుల భవనంలో కింది అంతస్తుకి 1 బార్ దాటుతుంది. అందుకని సీసాలో గంటసేపు పట్టి, ఎంత వచ్చిందో కొలిచాకే నమ్మాలి.

గంటకి 2 లీటర్ల డ్రిప్పర్‌ని రోజంతా వదిలేస్తే 48 లీటర్లు, అంటే దాదాపు సగం ట్యాంకు. అంత అక్కర్లేదు. ఆర్వో మెషీన్లలో వాడే, కరెంటుతో తెరుచుకునే 24 వోల్టుల సోలెనాయిడ్ వాల్వ్‌ని టైమరుతో రెండున్నర గంటలు తెరిస్తే 5 లీటర్లు వస్తాయి. కరెంటు లేకపోతే మూసుకునే రకం అడిగి తీసుకోండి. దాన్ని స్పన్ ఫిల్టరు తర్వాతే బిగించాలి. ముందు పెడితే ఇసుక రేణువు ఒకటి వాల్వ్ సీటులో ఇరుక్కుని అది పూర్తిగా మూసుకోదు.

ఈ పద్ధతి గొప్పతనం మీరు ఏమీ మోయకపోవడం. దీని లోపం కూడా పెద్దదే. డ్రిప్పర్ పైపులోంచి ఊడిపోతే నీళ్లకి అంతే ఉండదు. ఓవర్‌ఫ్లో ఆ ధారని తట్టుకుని నేల తడవకపోయినా, చేపలు గంటల తరబడి కుళాయి నీళ్లలో ఉంటాయి. ఆ వేగానికి కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ని పూర్తిగా పట్టలేకపోవచ్చు. కార్బన్ అరిగిపోయినా బయటికి కనిపించదు, కాబట్టి నెలకోసారి ఫిల్టరు దాటిన నీళ్లలో ఓటీవో చుక్కలు వేసి చూడాల్సిందే.

సొంత ఇల్లు, నిలకడగా ఉండే నీళ్లు, ట్యాంకు పక్కనే వాష్ ఏరియా లేదా బాల్కనీ డ్రెయిన్ ఉన్నవాళ్లకి, అందులోనూ నాలుగైదు ట్యాంకులు ఉన్నవాళ్లకి ఇది బాగుంటుంది. ఒక్క ట్యాంకు కోసం ఇంత పైపింగ్ చేయించడం నాకు అనవసరం అనిపిస్తుంది.

## డ్రమ్ము + చిన్న పంపు + ఓవర్‌ఫ్లో

మన రెండు ఊళ్లలో చాలా ఇళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. లైనుకి ట్యాంకుకి మధ్య ఒక మూత డ్రమ్ము ఉంటుంది. ఆ డ్రమ్ములోనే క్లోరిన్ విరుగుతుంది, వేడి గది ఉష్ణోగ్రతకి దిగుతుంది, ఏ నీళ్లు ఎంత కలిశాయో మీటరు పెట్టి చూసుకోవచ్చు. రోజూ తెల్లవారుజామున పంపు రెండు నిమిషాలు తిరిగి 5 లీటర్లు ట్యాంకులోకి పంపుతుంది, అంతే నీళ్లు ఓవర్‌ఫ్లో లోంచి పోతాయి.

కావలసినవి: తిండి సామాన్లకి వాడే రకం 40 లీటర్ల మూత డ్రమ్ము, 12 వోల్టుల డీసీ పంపు, దాని అడాప్టరు, బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు, అర అంగుళం పైపు, ఒక బాల్ వాల్వ్, ఓవర్‌ఫ్లోకి 1 అంగుళం ట్యాంక్ నిపుల్, దానికి తొడిగే జాలీ, డ్రెయిన్ దాకా పీవీసీ పైపు. పాత తరహా తిప్పుడు టైమర్లో కనీస వ్యవధి 15 నిమిషాలు, పైగా కరెంటు పోయినంతసేపూ దాని గడియారం ఆగిపోతుంది. నాలుగు కోతలయ్యేసరికి తెల్లవారుజాము కాస్తా మిట్టమధ్యాహ్నం అవుతుంది. ఖర్చు కలిసొస్తుందని కూలర్ మోటారు వాడతారు కొందరు. దాన్ని డ్రమ్ముకే పరిమితం చేయండి, 230 వోల్టుల ఆ మోటారుని చేపల ట్యాంకులో మాత్రం ముంచొద్దు.

రంధ్రం పని గాజు షాపులో చేయించాలి, ట్యాంకు ఖాళీగా ఉండాలి. టఫెన్డ్ గాజుకి డ్రిల్ తగిలితే మొత్తం పగిలిపోతుంది కాబట్టి ముందే కనుక్కోండి. రంధ్రం సైజు చెప్పేటప్పుడు నిపుల్‌ని చేతికిచ్చి దాని మర మందాన్ని కొలిపించండి, "1 అంగుళం నిపుల్" అంటే 1 అంగుళం రంధ్రం కాదు. రంధ్రం కేంద్రం పైఅంచు నుంచి రెండు అంగుళాల కిందకి ఉంటే చాలు. రబ్బరు వాషరు గాజుకి లోపలి వైపు రావాలి, నట్టు చేత్తో బిగించి పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. పానాతో గట్టిగా బిగిస్తే గాజు చిట్లుతుంది.

అర అంగుళం ఓవర్‌ఫ్లో చాలదా అంటే, మామూలు రోజుల్లో చాలు. ఒక ఆకు అడ్డం పడిన రోజున చాలదు. పంపు పూర్తి ధార వదిలి పది నిమిషాలు చూడండి, నీటి మట్టం రంధ్రం పైఅంచు దాటకూడదు. దాటితే పంపు పైపు మీది బాల్ వాల్వ్‌ని కొంచెం మూయండి. నిమిషానికి 2.5 లీటర్ల ధార ఉంటే 5 లీటర్లకి రెండు నిమిషాలు, లెక్క సులువు.

డ్రమ్ము ఎక్కడ పెడతారన్నది అన్నింటికంటే ముఖ్యం. నీటి మట్టం ట్యాంకు మట్టం కంటే కిందే ఉండాలి, స్టాండు కింది అర మంచి చోటు. డ్రమ్ముని ఎత్తు మీద పెడితే పంపు ఆగినా సైఫన్ (పైపు నిండా ఉన్న నీళ్లు వాటంతటవే కిందికి లాక్కుపోవడం) ఆగదు, డ్రమ్మంతా దిగిపోతుంది. డ్రమ్ము కిందున్నప్పుడు దీనికి తిరుగుడు సమస్య వస్తుంది. పైపు కొస ట్యాంకు నీళ్లలో మునిగి ఉంటే పంపు ఆగగానే ట్యాంకు నీళ్లు వెనక్కి డ్రమ్ములోకి దిగుతాయి. పైపు కొసని నీటి మట్టానికి రెండు అంగుళాల పైనే క్లిప్పుతో బిగించండి. అదనపు జాగ్రత్తగా నీటి మట్టానికి పైన పైపుకి 2 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పొడవండి, గాలి పీల్చి సైఫన్ తెగుతుంది.

వారానికోసారి మీ పని: డ్రమ్ము నింపడం, 40 లీటర్లకి థయోసల్ఫేట్ ద్రావణం 4 మిల్లీలీటర్లు వేయడం, ఎయిర్‌స్టోన్ వేసి కొన్ని గంటలు గాలి ఆడనివ్వడం. బోరు నీళ్లకి ఈ గాలి పని తప్పనిసరి. భూమి లోపలి నుంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి. ఇనుము ఉంటే గాలి తగిలి తుప్పు రంగులో అడుగుకి దిగుతుంది, అందుకే పంపుని డ్రమ్ము అడుగున కాకుండా రెండు అంగుళాల ఎత్తులో పెట్టాలి.

ఇప్పుడు పాడైతే ఏమవుతుందో చూద్దాం. టైమరు ఆఫ్ కాకుండా ఇరుక్కుందనుకోండి. క్లోరిన్ విరిగిన, గది వేడికి వచ్చిన 40 లీటర్లు ట్యాంకులోకి వెళ్తాయి, దాదాపు అంతే బయటికి పోతాయి. చేపలు తట్టుకుంటాయి. పంపు ఖాళీగా తిరిగి కాలిపోవచ్చు. అదే రోజు ఓవర్‌ఫ్లో కూడా మూసుకుపోయి ఉంటే నేల మీద పడేది 40 లీటర్ల లోపే.

ఈ భద్రతని చాలామంది చేతులారా పోగొట్టుకుంటారు. డ్రమ్ము నింపే పని కూడా ఎందుకని దానికి కుళాయి లైను కలిపి, నీళ్లు నిండగానే మూసుకునే ఫ్లోట్ వాల్వ్ పెడతారు. ఆ క్షణంలో 40 లీటర్ల డ్రమ్ము హద్దు లేని డ్రమ్ము అయిపోతుంది, పైగా థయోసల్ఫేట్ వేయని నీళ్లు ట్యాంకులోకి పోతాయి. లైను కలపాలనే ఉంటే మధ్యలో చేత్తో తిప్పే వాల్వ్ ఉంచండి, తెరిచి డ్రమ్ము నిండాక మూసేయండి.

ఓవర్‌ఫ్లో తీసేది పైనున్న నీళ్లనే. ఉపరితలం మీది జిడ్డు తెట్టు దానివల్ల పోతుంది గానీ అడుగున ఇసుకలోని చెత్త కదలదు. నెలకోసారి సైఫన్ పైపుతో అడుగు శుభ్రం చేయడం ఏ పద్ధతిలోనూ తప్పదు. గప్పీ పిల్లలుంటే జాలీ మీద స్పాంజి ముక్క తొడగండి, దాన్ని వారానికోసారి పిండండి.

## రెండు పంపులు

అద్దె ఇల్లు, లేదా ట్యాంకుకి రంధ్రం పెట్టే వీలు లేని పరిస్థితి అయితే ఒక పంపు తోడుతుంది, ఇంకోటి డ్రమ్ములోంచి నింపుతుంది. ఇక్కడ కాలాన్ని నమ్ముకుంటే మునుగుతాం. గంటకి 1000 లీటర్లని రాసి ఉన్న పంపు ఎత్తుకి తోడేటప్పుడు సగమే ఇవ్వొచ్చు, ఫిల్టరు మూసుకుపోతే ఇంకా తగ్గుతుంది.

తోడే పంపుని అడుగున వదలకండి. దాని నోరు మామూలు నీటి మట్టానికి ఒక అంగుళం కిందకి వచ్చేలా పక్క గాజుకి గట్టిగా బిగించండి. మన ట్యాంకులో ఒక అంగుళం నీళ్లంటే సుమారు 7.4 లీటర్లు. పంపు ఎంతసేపు తిరిగినా, బయటి పైపులో సైఫన్ పట్టినా, అంతకు మించి ఒక్క లీటరు పోదు. కొన్ని పంపులు ఖాళీగా తిరిగితే కాలిపోతాయి కాబట్టి అవసరానికి ఒక నిమిషం మించి టైము పెట్టకండి. ఆ కాసేపు హ్యాంగ్‌ఆన్ ఫిల్టరు గాలి పీల్చి ఆగిపోతుందేమో చూసుకోండి. చలికాలంలో హీటరు వాడేవాళ్లు దాన్ని అడ్డంగా, బాగా లోతుగా అమర్చండి, నీళ్లు తగ్గినప్పుడు బయటపడ్డ వేడి హీటరుకి చల్లటి నీళ్లు తగిలితే గాజు పగులుతుంది.

ఇక అసలు ప్రమాదం. తోడే సమయానికి కరెంటు పోయి, నింపే సమయానికి వచ్చిందనుకోండి. తోడకుండానే 7 లీటర్లు వచ్చి పడతాయి. ట్యాంకు పైన అంగుళం ఖాళీ ఉంటే ఒకసారికి ఆగుతుంది, రెండో రోజూ అలాగే జరిగితే పొంగుతుంది. అందుకని మామూలు మట్టం దగ్గర ఒక ఫ్లోట్ స్విచ్ పెట్టి, నీళ్లు అక్కడికి రాగానే నింపే పంపు ఆగేలా చేయాలి. అర అంగుళం పైన రెండో ఫ్లోట్‌ని దానితో సిరీస్‌లో కలపండి. మొదటి ఫ్లోట్ మీద నత్త కూర్చున్నా, పాచి పట్టి ఇరుక్కున్నా రెండోది ఆపుతుంది. ఈ చిన్న ఫ్లోట్లలోని కాంటాక్టులు పెద్ద కరెంటుని మోయలేవు, అతుక్కుపోతాయి. వాటితో రిలేని (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చిని) నడిపి, రిలేతో పంపుని నడపాలి. ఫ్లోట్లు 12 వోల్టులవైపే ఉండాలి.

## జంట డోసింగ్ పంపు

రబ్బరు గొట్టాన్ని రోలర్లతో నొక్కుతూ నీళ్లు నెట్టే పంపు ఇది. ఒకటి తీస్తుంది, ఒకటి పోస్తుంది, రెండూ ఒకే వేగం. నిమిషానికి 50 మిల్లీలీటర్లు ఇచ్చేదైతే 5 లీటర్లకి 100 నిమిషాలు. ఇంత నెమ్మదిగా జరిగే పనిలో వరద ప్రమాదం దాదాపు ఉండదు. గొట్టం అరిగే కొద్దీ రెండిటి మధ్య తేడా వస్తుంది. 4 శాతం తేడా ఉంటే రోజుకి 200 మిల్లీలీటర్లు, వారానికి 1.4 లీటర్లు. మంచినీటి ట్యాంకులో నీటి మట్టం కొద్దిగా మారుతుంది, అంతే.

సముద్రపు చేపల ట్యాంకులో మాత్రం ఇది పెద్ద విషయం. ఉప్పు నీళ్లు ఎక్కువ తీసి, ఆ లోటుని టాప్‌అప్ మంచినీళ్లతో నింపితే లవణీయత నెమ్మదిగా పడిపోతుంది. మూడు నెలలకోసారైనా కొలపాత్రలో రెండు వైపులా పట్టి సరిచూసుకోవాలి, గొట్టాన్ని ఏడాదికొకసారి మార్చాలి. మెరైన్ ట్యాంకుకి వేరే పద్ధతి వెతకక్కర్లేదు. చౌకరకం మోటార్లు మాత్రం గంటల తరబడి తిరగడానికి చేసినవి కావు, ఎంతసేపు నడపొచ్చో రాసి ఉన్నవే కొనండి.

## స్మార్ట్ ప్లగ్గులు, ఈఎస్‌పీ32 బోర్డులు

ఫోన్‌లోంచి ఆన్ చేసి, ఫోన్‌లోంచే ఆఫ్ చేసే ఏర్పాటులో ఆఫ్ సందేశం చేరకపోతే పంపు తిరుగుతూనే ఉంటుంది. ప్లగ్గులోనే కౌంట్‌డౌన్ ఉండాలి, కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే మిగిలే సెట్టింగు ఉండాలి. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డుతో సొంతంగా కట్టేవాళ్లు, బోర్డు మొదలయ్యే క్షణంలో రిలే ఒకసారి టక్కుమంటుందేమో చూడండి. పంపుని ఏ పిన్నుకి కలపాలో అది చెబుతుంది. నా సలహా, ఫోన్‌ని కబురు చెప్పడానికి వాడండి. స్టాండు కింద నేల మీద పెట్టే తడి సెన్సారు ఫోన్ మోగిస్తే అది నిజంగా పనికొచ్చే ఖర్చు.

ఏ పద్ధతైనా ట్యాంకు ప్లగ్గులున్న లైనుకి, కరెంటు లీకైతే సరఫరాని వెంటనే ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ప్రతి వైరూ సాకెట్టు కంటే కిందికి వేలాడి తిరిగి పైకి వెళ్లాలి. అప్పుడు వైరు మీదుగా జారిన చుక్క సాకెట్టులోకి పోకుండా నేల మీద పడుతుంది.

## మీకు ఏది

సంపులో బోరు, మున్సిపల్ నీళ్లు కలిసే అపార్ట్‌మెంటు: డ్రమ్మే. రంధ్రం వీలైతే ఓవర్‌ఫ్లోతో, లేకపోతే రెండు పంపులతో. కొండవాలు ఇళ్లలో, కుళాయి రోజుకి కాసేపే వచ్చేచోట కూడా డ్రమ్మే, వచ్చినప్పుడు నింపుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో చాలా పేటల్ని ముంచినప్పుడు కరెంటూ నీళ్లూ రోజుల తరబడి ఆగాయి. అలాంటి సమయంలో శుద్ధి చేసిన 40 లీటర్లు, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇంట్లో ఉంటే చేపలకి అవే ఆధారం.

ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, పెద్ద గోల్డ్ ఫిష్: రోజుకి 8 నుంచి 10 శాతం మారాలి. డ్రమ్ము 100 లీటర్లదైనా ఉండాలి, లేదా నీళ్లు నిలకడగా ఉంటే లైను డ్రిప్. ఈ చేపలు పైపుల్ని, ఫ్లోట్లని కొరికి లాగుతాయి కాబట్టి లోపల తక్కువ సామాను ఉండే ఓవర్‌ఫ్లోనే వీటికి నయం.

డిస్కస్: ఒక్కో రోజే మూడో వంతు మార్చేవాళ్లున్నారు. ఆర్వో నీళ్లు, కుళాయి నీళ్లు కలిపి 200 లీటర్ల డ్రమ్ములో సిద్ధం చేసుకుని రెండు పంపులతో మార్చడం సరిపోతుంది. ఆర్వో మెషీన్ వదిలే వృథా నీళ్లు మాత్రం ఏ చేపల ట్యాంకులోకీ వద్దు, అందులో ఉప్పంతా చిక్కబడి ఉంటుంది.

మొక్కల ట్యాంకు: రోజూ 4 శాతం మారితే వేసిన ఎరువులో పావు వంతు వారంలో కొట్టుకుపోతుంది. వారానికోసారి వేసే మోతాదుని రోజువారీగా విడగొట్టి వేయండి.

40 లీటర్ల లోపు ట్యాంకు, బెట్టా గిన్నె: యంత్రం వద్దు. కుళాయికి తగిలించే పొడవాటి పైపు, ఒక బకెట్టు, వారానికి పది నిమిషాలు. చిన్న ట్యాంకులో ఏ తప్పు జరిగినా దాని శాతం పెద్దది.

బయటికి పోయే నీళ్లని డ్రెయిన్‌కి బదులు కుండీల వైపు మళ్లించాలనుకుంటే మంచిదే, మందులు వేసిన వారం తప్ప. ఉప్పు కలిపిన ట్యాంకు నీళ్లు మాత్రం ఏ మొక్కకీ పోయకండి.

## బిగించాక మొదటి రెండు వారాలు

మొదటి మూడు రోజులు టైమరు మీరు మెలకువగా, ఎదురుగా ఉండే సమయానికి పెట్టండి. ఓవర్‌ఫ్లో కింద బకెట్టు పెట్టి ఎన్ని లీటర్లు బయటికొచ్చాయో కొలవండి. తర్వాత కావాలనే పాడు చేసి చూడండి. పంపు తిరుగుతుండగా మెయిన్ ఆఫ్ చేసి, ఐదు నిమిషాల తర్వాత వేయండి. ఓవర్‌ఫ్లో జాలీకి అరచెయ్యి అడ్డం పెట్టి మట్టం ఎంత వేగంగా లేస్తుందో చూడండి. ఫ్లోట్‌ని వేలితో పట్టి ఉంచి రెండోది పంపుని ఆపుతుందో లేదో చూడండి. ఈ పరీక్షలన్నీ నెగ్గాకే సమయాన్ని తెల్లవారుజాముకి మార్చండి. ఆ రెండు వారాలూ నైట్రేట్, టీడీఎస్, పీహెచ్ నాలుగు రోజులకోసారి రాసుకుంటే రోజువారీ లీటర్లు పెంచాలో తగ్గించాలో అవే చెబుతాయి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు నీళ్లు మారుతూనే ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. బాగున్న ట్యాంకుకి నీళ్లు మార్చకపోయినా వారం రోజులు ఏమీ కాదు. పంపు ప్లగ్గు తీసేసి, లైను వాల్వ్ మూసేసి, ఫిల్టరు మాత్రం నడిచేలా వదిలి వెళ్లండి.